కోళ్ళగూటి మీద కాకి

మా ఊరివాళ్ళకు భయపడటం కూడా సరిగ్గా చేతకాదు. భయపడాల్సిన చోట మీసం మెలేస్తారు, నిశ్చింతగా ఉండొచ్చన్న చోట దుప్పటి ముసుగేసుకుంటారు. టీవీలో బర్డ్ ఫ్లూ అని ఎర్రక్షరాలు పరిగెత్తిన మర్నాటి నుంచి మా రోడ్డు మీది బ్రాయిలర్ కొట్టు ముందు ఈగలు తప్ప ఎవరూ నిలబడలేదు. ముక్కను కుక్కర్లో పడేసి, వీధి చివరిదాకా వినబడేలా కూతలు పెట్టించి, ఎముక మెత్తబడ్డాక గానీ దించని జనం మేము. అంతలా ఉడికిన కూరలో ఏ జబ్బూ బతకదు. అయినా మానేశారు. మానితే మానారు, ఎవరి నోరు వాళ్ళ ఇష్టం. కానీ కూర మానేసిన ఆ చేతులతోనే వాళ్ళు ఏమేం పట్టుకున్నారో చూశాను కాబట్టి ఇదంతా రాయాల్సి వస్తోంది.

నాకు ఇంటి వరండాలోనే టైలరింగ్ కొట్టు ఉంది. మా ఆయన పొద్దున్నే చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లుకు వెళ్ళి, కనుబొమల మీద కూడా పత్తి నూగు వేసుకుని సాయంత్రానికి వస్తాడు. పగలంతా నేనూ, నా మిషనూ, జాకెట్లు ఇవ్వడానికొచ్చి ఊరి సంగతులన్నీ ఒలకబోసి పోయే ఆడవాళ్ళూ. కూర్చున్న చోటి నుంచే నాకు వీధి మొత్తం కనిపిస్తుంది. ఎదురుగా ఒక మిరప రైతు ఇల్లు. కుడివైపు పిట్టగోడ అవతల మా మేనత్త ఇల్లు. మా ఇళ్ళ వెనక చెరువు, నీళ్ళలోనే నిలబడ్డ తుమ్మచెట్లు. ప్రతి చలికాలం ఆ చెట్ల మీదికి ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, పేరు తెలియని బాతులు దిగుతాయి. కట్ట అవతల మిరప కల్లాలు. ఆ పిట్టల్ని చూడటానికి గుంటూరు నుంచి కార్లలో కెమెరాలు మెడలో వేసుకుని మనుషులు వస్తుంటారు. మాకు మాత్రం అవి వచ్చాయంటే వచ్చాయి, పోయాయంటే పోయాయి.

మా అత్త సంగతి చెప్పాలి. మా నాన్నకు అక్క. మామయ్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ కల్లాల్లోనూ కోల్డ్ స్టోరేజీల్లోనూ మిరపకాయల తొడిమలు తీసింది. ఆ ఘాటంతా ఆమె రొమ్ములోనే ఉండిపోయింది. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. గుంటూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఈమెకు జలుబు చేసినా తేలిగ్గా తీసుకోకండి. ఇంకో గట్టి జ్వరం వస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకోలేవు" అని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నాకు తలదువ్వి బడికి పంపింది ఈ అత్తే. అందుకని గోడ అవతల ఆమె దగ్గితే గోడ ఇవతల నా మిషను ఆగుతుంది.

ఆమెను అడిగితే మాత్రం తనకున్నది కోళ్ళు అంటుంది, నేను అని అనదు. నాటుకోళ్ళు. ఒక ఎర్ర పుంజు, దాని జంబమంతా భరించే పెట్టలు, ఎప్పుడూ ఏదో ఒక పెట్ట కింద పొదుగుతున్న గుడ్లు. ఎవరింట్లో పురుడు పోసినా, ఎవరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినా మా అత్త చంకలో కోడితో వెళ్తుంది. "చేతులూపుకుంటా ఒకళ్ళ గుమ్మం ఎక్కే రాత నాకు పట్టలేదు" అంటుంది. పాస్టరుగారు ఇంటికి ప్రార్థనకు వస్తే ఆ రోజు ఒక పుంజుకు ఆయుష్షు తీరినట్టే. ఆయన ప్రార్థన ఎంత పొడుగ్గా చేస్తే ఆమె కూర అంత బాగా ఉడుకుతుంది.

ఆ కోళ్ళకు శత్రువు కాకి. పిల్లల్ని దింపిన పెట్ట కాస్త ఏమరితే చాలు, ముక్కున కరుచుకుని పోతుంది. దానికి మా వైపు అందరూ చేసే పని ఒకటుంది. చచ్చిన కాకిని కాళ్ళకు పురికొస కట్టి కర్రకు తలకిందులుగా వేలాడదీస్తారు. మిగతా కాకులు దాన్ని చూసి కాసేపు గోలగోల చేసి, ఇక ఆ ఛాయలకు రావు. జొన్నచేలో కడతారు, వడియాలు ఎండబెట్టిన డాబా మీద కడతారు, కోళ్ళగూటి మీద కడతారు. పని చేస్తుంది, కాదనను. చిక్కల్లా కాకి దొరకడమే. మనకు కావాలని అది చావదు గదా. ఎప్పుడన్నా ట్రాన్స్‌ఫార్మర్ మీద వాలి కరెంటు కొట్టి పడితే దానికి ఇద్దరు ముగ్గురు పోటీ. పెళ్ళికి పూలదండలు చెప్పుకున్నట్టు లైన్‌మన్‌కు ముందే చెప్పిపెట్టుకునేవాళ్ళు ఉన్నారు. మా అత్త కొన్నాళ్ళు నా కొట్లోని నల్లగుడ్డ ముక్కలు కట్టి చూసింది. కాకులు వాటి మీదే కూర్చుని రెట్టలు వేశాయి.

ఆ చలికాలం కాకులు వాటంతటవే చచ్చాయి.

మొదట చెరువు గట్టున ఒక ఎర్రకాళ్ళ కొంగ పడి ఉందన్నారు. తర్వాత బాతులు. వీధికుక్క ఒకటి బాతును నోట కరుచుకుని ఊరంతా ఊరేగింది. ఇదీ టీవీలో చెప్తున్నదీ ఒకటే కావచ్చని ఒక్కరికీ తోచలేదు. టీవీలోది కోళ్ళ జబ్బు. కోళ్ళంటే ఫారం కోళ్ళు, తెల్లవి, ఇంజక్షన్లు చేసినవి. కొంగకు జబ్బేమిటి, అది చెరువులో చేప తిని చెట్టు మీద పడుకునేది!

ఈ సిద్ధాంతం మా ఎదురింటి మిరప రైతుది. వరసకు బాబాయ్ అని పిలుస్తాను. 'నాటు' అన్న మాట మీద ఆయనకున్నంత నమ్మకం బైబిలు మీద మా పాస్టరుగారికి కూడా ఉండదు. నాటుకోడి, నాటుగుడ్డు, నాటు టమాటా. నాటు ఏదైనా దానికి జబ్బు రాదు, దాన్ని తిన్నవాడికీ రాదు. ఆయన మిరప చేనుకు వారం వారం కొట్టే మందులు ఏ అడవిలో కాస్తాయో మాత్రం ఆయన చెప్పడు. ఆయన భార్య జాకెట్లన్నీ నా దగ్గరే కుట్టిస్తుంది కాబట్టి నేనూ అడగలేదు.

ఆ రోజుల్లోనే చిలకలూరిపేటలో కోళ్ళఫారాల వాళ్ళు జనం భయం పోగొడతామని చికెన్ మేళా పెట్టారు. ఉచితంగా వేపుడు, ఉచితంగా గుడ్లు. మా ఊరి నుంచి ఆటోలు కట్టుకుని పోయారు. ఇంట్లో ముక్క ముట్టనని టీ కొట్లో ఒట్టేసిన ఎదురింటాయన అక్కడ రెండో ప్లేటు కోసం వరసలో నిలబడ్డాడని ఆయన భార్యే నాకు చెప్పింది. తర్వాత నేను అడిగాను, "మరి భయం వెయ్యలా బాబాయ్?" అని.

"ఉత్తినే పెట్టేదాంట్లో జబ్బు ఎందుకుంటదమ్మాయ్? డబ్బులిచ్చి కొనేదాంట్లోనే ఉంటది" అన్నాడు, నాకు లోకజ్ఞానం లేదన్నట్టు చూసి.

ఇక మైకు సంగతి. ఊరు ఊరంతా కల్లాల్లో, పత్తి చేలల్లో ఉండే వేళ చూసుకుని ఒక ఆటో వచ్చింది. మైకులో ఎవరో గొంతు సవరించుకుని, "వలస విహంగముల ద్వారా సంక్రమించు వ్యాధి నివారణార్థము మృత పక్షుల కళేబరములను స్పృశించరాదు" అని చదువుకుంటూ వెళ్ళారు. వినడానికి ఉన్నది నేనూ, మా అత్తా, ఒక గేదె. అత్త గోడ మీదుగా తల పెట్టి, "కరెంటు బిల్లులేనా అమ్మాయ్?" అంది. నేను కాదని చెప్పి, నాకు అర్థమైనంత చెప్పబోయేసరికి ఆమె కోళ్ళకు నూకలు చల్లడానికి వెళ్ళిపోయింది. రాసినవాళ్ళు మనుషులతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

ఆ వారంలోనే మా మండలం పశువుల డాక్టరు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి నా కొట్టుకొచ్చాడు. కుర్రాడు, కొత్తగా వచ్చాడు. బర్డ్ ఫ్లూ అంటే ఏమిటి, మేం ఏం చెయ్యాలి అని అడిగితే శుభ్రమైన తెలుగులో చెప్పాడు. "కొంగలూ బాతులూ ఎక్కడెక్కడినుంచో తెస్తాయండీ. చచ్చిన పిట్టని, జబ్బుగా ఉన్న పిట్టని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. కుక్కల్ని పిల్లుల్ని దగ్గరికి పోనివ్వొద్దు. కోళ్ళని కొన్నాళ్ళు చెరువు వైపు వదలొద్దు, ఆ నీళ్ళు వాటికి పొయ్యొద్దు. పిట్టలు పడిపోతుంటే మాకు ఫోన్ చెయ్యండి. ఉడికిన కూరకు భయపడక్కర్లేదు."

"ఈ మాటే మైకులో చెప్పొచ్చుగదండీ?" అన్నాను.

"మైకులో రాసిచ్చిందే చదవాలండీ" అన్నాడు, ప్యాంటు తీసుకుని.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తూ గోడ అవతలికి చూశాను. మా అత్త కోళ్ళగూటి మీద, పొడుగు కర్రకు, రెక్కలు వేలాడేసుకుని కాకి. కొత్త కాకి, ఇంకా నిగనిగలాడుతోంది. కింద కోళ్ళు గీరుకుంటున్నాయి. నిలువెత్తు కోపం వచ్చింది నాకు. "ఎవరిచ్చారత్తా అది?" అని అరిచాను.

అత్త ముఖం వెలిగిపోతోంది. "ఎదురింటి తమ్ముడు ఇచ్చాడే. తుమ్మచెట్ల కింద ఎన్ని రాలాయో! ఆయనకి జొన్నల కాడికి రెండు, డాబా మీదికి ఒకటి పట్టుకుని, నాకొకటి తెచ్చాడు. ఎన్నాళ్ళకు దొరికిందో చూడు."

ఆయన వాటిని కాళ్ళు పట్టుకుని, కూరగాయల సంతలో తోటకూర కట్టలు పట్టుకొచ్చినట్టు ఊపుకుంటూ తెచ్చి ఉంటాడు. అదే చేత్తో ఒకటి ఆమెకు ఇచ్చి ఉంటాడు. ఆమె ఒట్టి చేతులతో పురికొస కట్టి ఉంటుంది. అదే చేత్తో గుడ్లు తీసి ఉంటుంది, కొంగుతో ముఖం తుడుచుకుని ఉంటుంది. కోడికూర వాసన వస్తే ముక్కు మూసుకునే ఊరు ఇది.

"అత్తా, కాకి ఊరికే ఎందుకు రాలుద్ది? జబ్బు చేసే గదా పడింది."

"ఏందే నీ గోల? కరెంటు కొట్టి చచ్చినా కాకే, జబ్బు చేసి చచ్చినా కాకే. వేలాడటానికి ఏది చస్తే ఏంది?"

"ఆ జబ్బు కోళ్ళకు దిగితే?"

"కోడికి కోడి నుంచి రావాలి గానీ కాకి నుంచి ఎట్టా వస్తది? వావి వరస ఉండాలి గదా!"

కరోనా నాటి మాస్కు ఒకటి తగిలించుకుని, చేతికి రెండు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని వెళ్ళి ఆ కాకిని దించాను. పెరటి చివర లోతుగా గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చాను. ఆమెకు సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోమన్నాను. ఆమె సబ్బును కుళాయి గట్టు మీద పెట్టి, నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది. కోళ్ళను గూట్లోంచి వదలొద్దని మూడు రకాలుగా చెప్పాను. నేను ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో అవి చెరువు గట్టు మీద ఉన్నాయి.

మర్నాటికి గూటి మీద ఇంకో కాకి. ఎదురింటాయన దగ్గర నిలవ ఉన్నాయి మరి! నేను దించడం, ఆయన తెచ్చివ్వడం. మూడోసారి ఆయన వాకిట్లో నిలబడి, "నువ్వు చదువుకున్నదానివి గదా అమ్మాయ్, నీకు కాకుల మీద ఇంత పట్టింపు ఎందుకు?" అని నవ్వాడు. వీధిలో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. వాళ్ళలో ఒకాయన జేబులో ఉల్లిపాయ పెట్టుకుని తిరుగుతున్నాడు, బర్డ్ ఫ్లూ రాకుండా. వాట్సాప్‌లో వచ్చిందట.

తర్వాత కొద్ది రోజులకు మా అత్త పుంజు కూయలేదు.

ఆ పుంజు కూత వల్ల నాకు నిద్ర చెడిన రోజులు ఎన్నో. ఆ పొద్దు అది లేకపోతే మెలకువ వచ్చేసింది. వెళ్ళి చూస్తే అత్త అరుగు మీద కూర్చుని పుంజును ఒళ్ళో పెట్టుకుని ఉంది. దాని మెడ వాలిపోయింది. నెత్తి మీద జుట్టు ఎర్రగా ఉండేది, నేరేడుపండు రంగుకు తిరిగింది. గూట్లో రెండు పెట్టలు ముక్కులు నేలకానించి తూగుతున్నాయి. ఆమె దాని ముక్కులో నోటితో గాలి ఊదుతోంది. ఆ రొమ్ముతో, ఆ ఊపిరితో!

"అత్తా, దాన్ని కింద పెట్టు. నీకు దణ్ణం పెడతా, కింద పెట్టు."

పెట్టింది. కానీ లోపలికి వెళ్ళి కత్తిపీట పట్టుకుని వచ్చింది.

మా వైపు ఇది రెండో ఆచారం. కోడి తూగితే కోసెయ్యాలి. చచ్చాక పారేసేకన్నా ప్రాణముండగానే కోసుకుంటే కూరవుతుంది. ఎదురింటాయనకు ఆ కబురు ఎలా తెలిసిందో, గోడ దగ్గరికి గిన్నె పట్టుకుని వచ్చేశాడు. బ్రాయిలర్ కొట్టు వైపు తల తిప్పనని ఒట్టేసిన మనిషి, తూగే పుంజులో వాటాకు గిన్నె తెచ్చాడు. "నాటుది అక్కా, దానికి దిష్టి తగిలింది అంతే. నువ్వు కొయ్యి, ఈకలు నేను పీకిస్తా" అన్నాడు.

నా జన్మలో పెద్దవాళ్ళను అనకూడని మాటలన్నీ ఆయన్ను అప్పుడే అన్నాను. ఇక్కడ రాయను. ఆయన గిన్నె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు, ఆడదానికి అంత నోరు పనికిరాదని గొణుగుతూ. అత్త మాత్రం కత్తిపీట ముందు కూర్చుంది.

"కోసుకోకపోతే పారేసుకోమంటావా? పిల్లప్పటినుంచి నా చేత్తో నూకలు పెట్టి పెంచా దీన్ని."

"అది కోస్తే రక్తం, ఈకలు, పేగులు, అన్నీ నీ చేతుల మీదే. జబ్బంతా అందులోనే ఉంటదంట. నీ రొమ్ము సంగతి డాక్టరు నాకు చెప్పాడు. నీకు ఇంకో జ్వరం వస్తే..." అని ఆపేశాను. ఆ మాట ఆమెకు అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె నా వైపు చూసింది. అప్పుడే దగ్గు తెర వచ్చింది. వంగిపోయి, కత్తిపీట పట్టుకునే దగ్గింది. దగ్గు తగ్గేసరికి కొయ్యడానికి ఆమెలో సత్తువ లేదు. నేను ఆ సందులోనే పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

సాయంత్రానికి జీపులో వచ్చారు. తెల్లటి తొడుగులు తల నుంచి కాళ్ళదాకా వేసుకుని, అద్దాలు పెట్టుకుని. అంతవరకూ నవ్విన వీధి గప్‌చుప్ అయింది. అప్పటికే పుంజు చచ్చింది. దాన్ని, ఒక పెట్టను పరీక్షకు తీసుకెళ్ళారు. బర్డ్ ఫ్లూయేనని ఫలితం వచ్చాక మళ్ళీ వచ్చి మా వీధిలో కోళ్ళన్నిటినీ తీసేశారు. చెరువు గట్టున పెద్ద గొయ్యి తవ్వి సున్నం పోశారు. మా అత్త చివరికి పొదుగు మీదున్న పెట్టను బుట్టతో సహా పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "ఇది తూగట్లేదు, బాగానే ఉంది, చూడండయ్యా" అంది. ఆ డాక్టరు కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని ఆమెకు ఏదో చెప్పాడు. తొడుగులోంచి ఆయన గొంతు సరిగ్గా వినపడలేదు. ఆమె బుట్ట వదిలేసింది. గుడ్లు ఇంకా వెచ్చగా ఉండి ఉంటాయి.

తర్వాత రోజుల్లో ఆమెకు జ్వరం వచ్చింది.

ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి గొంతులో పుల్ల పెట్టి పరీక్షకు తీసుకున్నాడు. మాత్రలు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఆమె గది దాటకూడదని, ఎవరూ దగ్గరికి పోకూడదని, పోతే మాస్కు, గ్లౌజులు ఉండాలని చెప్పాడు. ఆయాసం ఎక్కువైతే వెంటనే ఫోన్ చెయ్యమన్నాడు. నేను అన్నీ పాటించాను. జావ కాచి గిన్నె పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి వచ్చి నిలబడేదాన్ని. ఆమె గోడ పట్టుకుని వచ్చి, ముక్కు దాకా కొంగు కప్పుకుని, గిన్నె తీసుకుని వెళ్ళేది. ఖాళీ గిన్నెను నేను గ్లౌజులతో పట్టుకుని, వేణ్ణీళ్ళలో సబ్బు వేసి కడిగేదాన్ని. ఆమె చూస్తుండగానే కడిగేదాన్ని. రోజంతా మిషను తొక్కకుండా ఆ గోడ వైపు చెవి పెట్టి ఆమె దగ్గు వినేదాన్ని. దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. ఆ దేవుడితో నేను మాట్లాడిన తీరు పాస్టరుగారు వింటే నన్ను సంఘంలోంచి వెలివేసేవారు.

ఫలితం వచ్చింది. ఆమెకు బర్డ్ ఫ్లూ లేదు. వచ్చింది మామూలు జ్వరమేనట, రొమ్ము జబ్బు ఎప్పటిదే. నేను మాస్కు పీకి పారేసి, చెప్పులైనా లేకుండా ఆమె గుమ్మం దగ్గరికి పరిగెత్తాను. ఆమె తలుపు కాస్త తీసి, గొలుసు పెట్టే ఉంచి, "ఇన్నాళ్ళూ గోడ అవతలే ఉన్నావుగా. అక్కడే ఉండు" అంది. తలుపు వేసేసింది.

ఊరు తీర్పు ఊరు చెప్పింది. అత్తకు జబ్బు లేదు కాబట్టి కోళ్ళకూ లేదట. కాకులు చలికి చచ్చాయట. తెల్లతొడుగుల వాళ్ళు వచ్చాకే కోళ్ళు చచ్చాయి కాబట్టి వాళ్ళే ఏదో చేశారట. వాళ్ళను పిలిచింది నేను కాబట్టి నేనే చంపించానట. ఎదురింటాయన ఈ మాట టీ కొట్లో పదేపదే చెప్పి, ఉడకబెట్టిన గుడ్డు తిని వచ్చేవాడు. భార్య జాకెట్లు పేటలో కుట్టించడం మొదలుపెట్టాడు. పోనీలే, ఆ జాకెట్లకు చంకలు ఎప్పుడూ కుదిరేవి కావు.

కోళ్ళు పోయినందుకే అత్త నాతో మాట్లాడటం లేదని నేనూ అనుకున్నాను. కాదు. అసలు సంగతి మా ఆయనతో అందట. "కోళ్ళదేముందయ్యా, మళ్ళీ పొదిగించుకుంటా. నేను తలంటి పెంచిన పిల్లకు నా ఎంగిలి గిన్నె ముట్టుకోవడానికి గ్లౌజులు కావాల్సొచ్చినాయ్. నా కళ్ళ ముందే కడిగింది." ఆయన వచ్చి నాకు చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు.

నేను చేసింది తప్పు కాదు. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ అలాగే చేస్తాను, ఆమె చూస్తుండగానే కడుగుతాను. అయినా ఆ మాట సూది గోటి కింద దిగినట్టు దిగింది. ఎన్నో నెలలు గోడ అవతల ఆమె, గోడ ఇవతల నేను. చర్చిలో కూడా ఆమె అటు వరసలో కూర్చునేది.

మళ్ళీ చలికాలం వచ్చింది. గూడబాతులు దిగాయి, కార్లు వచ్చాయి. కోళ్ళు పెంచుకోవచ్చని పశువుల డాక్టరు చెప్పాక అత్త అప్పటికే మళ్ళీ మంద తయారు చేసుకుంది. ఒక పెట్ట పిల్లల్ని దింపింది. ఒక రోజు మిషను మీద కూర్చుని చూస్తుండగా ఎదురింటాయన ఆమె వాకిటి వైపు వెళ్తున్నాడు, చేతిలో కాళ్ళు పట్టుకున్న కాకి. నా కాలు తొక్కడం ఆగిపోయింది.

"ఆగక్కడే!" అత్త గొంతు వీధంతా వినపడింది. "ఎక్కడిదది?"

"కరెంటు కొట్టింది అక్కా, ట్రాన్స్‌ఫార్మర్ కాడ..."

"కరెంటు కొట్టిందో కలరా కొట్టిందో కాకొచ్చి చెప్పిందా నీకు? తీసకపో. చేతికి కవరు తొడుక్కుని గొయ్యి తీసి పూడ్చు. సబ్బుతో కడుక్కో. ఆ చేత్తో నా గేటు ముట్టుకోమాక."

ఆయన కాకితో సహా వీధిలో నిలబడిపోయాడు. లేచి గోడ దగ్గరికి వెళ్ళాను. అప్పుడు చూశాను, ఆమె కోళ్ళగూటి ముందంతా పాత దోమతెర కట్టి ఉంది. పిల్లలు తెర లోపల తిరుగుతున్నాయి. గూటి పక్కన బకెట్టు, దాని మీద సబ్బు, గూట్లోకి వెళ్ళేటప్పుడు వేసుకునే చెప్పులు విడిగా. నేను నిరుడు కుళాయి గట్టు మీద చూసిన సబ్బు కాదది, కొత్తది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఏదో ఒకటి అనడానికి నోరు తెరిచాను. ఆమె నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె ఇంట్లోంచి కోడికూర వాసన. పొద్దు బాగా వాలేదాకా వస్తూనే ఉంది. తర్వాత ఆమె మూత పెట్టిన గిన్నె తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. పెట్టి, వెనక్కి నడిచి, నేను నిరుడు నిలబడ్డంత దూరంలోనే నిలబడింది. ముక్కు దాకా కొంగు కప్పుకుంది. ఆ నిలబడటంలో ఎంత వెటకారం ఉందో నాకు తెలుసు, నాకది ఆమె దగ్గరే అబ్బింది.

నేను గిన్నె తీసుకుని, చెయ్యి కడుక్కుని, అక్కడే గోడ పక్కన నిలబడి తిన్నాను. ముక్క ఎముకను ఎప్పుడో వదిలేసింది. ఎముక కూడా నమిలితే నలిగింది. పొయ్యి మీద దాన్ని ఎంతసేపు ఉంచిందో ఏమో, అసలు కోడి అని చెప్తే తప్ప తెలియదు. ఆమె అక్కడే నిలబడి, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలకుండా చూసింది. తర్వాత, అన్ని నెలల్లోనూ మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఉడికిందా?" అంది.

"ఉడికిందత్తా" అన్నాను.

వచ్చి ఖాళీ గిన్నె నా చేతిలోంచి ఒట్టి చేత్తో తీసుకుంది.